గళగండము – దాని మందు పుట్టిన కథ



నేడు నేను మీతో ముచ్చటింపబూనినది మెడయందు పుట్టు ఒక వాపును గూర్చి. దానిని మన ప్రాచీన వైద్యులు గళగండమనిరి. సంస్కృతమున గండమనగా ఉబ్బు, గడ్డ యని యర్థము. తెలుగున గండమనగా ప్రాణముమీదికి వచ్చిన యాపద. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడను గనుక ఈ రెండర్థములును నేనెరుగుదును. పిల్లలకు ఎన్నియో మారులు చెప్పియుంటిని. కాని మొదటి గండము రెండవ గండముగా మారుట కలదని నాకు తెలిసినది ఏడాదిన్నర క్రిందట, నా మెడమీదనే.

నా నివాసము హైదరాబాదు నగరమందలి లాలాపేట. తెల్లవారుజామున లేచి, తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల దాక నడచి వచ్చుట నాకు చిరకాలపు అలవాటు. ఆ ప్రాంతముననే జాతీయ పోషకాహార సంస్థ యున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918వ సంవత్సరమున హైదరాబాదున స్థాపింపబడినది. చిత్రమేమనగా, ఆ పోషకాహార సంస్థయు ఆ 1918లోనే పుట్టినది. కాని యిచట గాదు, నీలగిరులలోని కూనూరున, ఒకే యొక గదిలో. నలువదియేండ్లకు, అనగా 1958లో, అది తార్నాకకు తరలివచ్చి విశ్వవిద్యాలయమునకు పొరుగయినది. 1969లో దానికి నేటి పేరు పెట్టిరి. దానిని స్థాపించిన వైద్యుడు మొదట పేరొందినది గళగండమును గూర్చిన పరిశోధనచేతనే యని నాకు చాల ఆలస్యముగ తెలిసినది. ఇన్నియేండ్లు ఆ గోడల ప్రక్కనే నడచితిని. నా మెడయందలి వ్యాధి చరిత్ర ఆ గోడల చరిత్రతో ముడిపడియున్నదని యెరుగనైతిని.

నా మెడలో చిన్న వాపు చిరకాలముగ కలదు. మా తల్లిగారికిని ఉండెడిది. నొప్పి లేదు, మింగుటకు అడ్డము లేదు. కావున దానిని పట్టించుకొనలేదు. ఒకనాడు క్షురకర్మ చేయు నాతడు, “అయ్యగారూ, మెడ కొంచెము లావైనట్లున్నది” అనెను. ఇంటికి వచ్చి నా వద్దనున్న పాత వైద్యగ్రంథము తిరుగవేసితిని. గళగండమునకు అయోడిన్ పరమౌషధమనియు, ఆ యయోడిన్ సముద్రపు నాచునందు సమృద్ధిగ నుండుననియు అందున్నది. ఇంకేమి, బజారునకు పోయి నాచుతో జేసిన బిళ్ళలు కొని తెచ్చి, వైద్యుని యడుగకయే పూటకొకటి చొప్పున మ్రింగసాగితిని.

రెండు మాసములు గడచినవి. ఆకలి మండుచుండెను, తిన్నది తిన్నట్లు పోయి ఒళ్ళు చిక్కుచుండెను. ధనుర్మాసపు చలిలో నాకు చెమటలు పట్టుచుండెను. రాత్రులు నిద్ర లేదు. పెన్ను పట్టిన చేయి వణకుటచే నా సంతకము నాకే గుర్తుపట్టరానిదయ్యెను. ఇంటివారు వృద్ధాప్యమనిరి, పొరుగువారు మధుమేహమనిరి. ఒక వేకువను ఆర్ట్సు కళాశాల మెట్లముందర గుండె తాళము తప్పి కొట్టుకొనుటచే నేను కూలబడితిని. అటుపిమ్మట ఒక వైద్యశాలలో నెత్తురు పరీక్షించి తేల్చిన దేమనగా: నా మెడలోని గ్రంథియందు అయిదారు బొడిపెలున్నవి, అవి మితిమీరి పని చేయుచున్నవి, వానికి నేను మ్రింగిన నాచు బిళ్ళలు మంటకు నెయ్యి పోసినట్లయినవి.

నేను చదివిన గ్రంథము అబద్ధము చెప్పలేదు. అది చెప్పినది సగము. ఆ మిగిలిన సగమే నేటి ప్రసంగము.

మెడ ముందు భాగమున, శ్వాసనాళమునకు ఇరుప్రక్కల రెక్కలు చాచిన సీతాకోకచిలుక వంటి గ్రంథి యొకటి కలదు. ఇంగ్లండు దేశపు థామస్ వార్టన్ అను వైద్యుడు 1656లో దీనికి డాలు వంటిదను నర్థమున థైరాయిడ్ అని పేరు పెట్టెను. మన పాఠ్యగ్రంథములు దీనిని అవటు గ్రంథి యన్నవి. వాపును మాత్రము మనవారు ఎన్నడో గుర్తించిరి. సుశ్రుతసంహిత నిదానస్థానమున గ్రంథి, అపచి, అర్బుదములతో పాటు గళగండమును చెప్పబడినది. వాతము, కఫము, మేదస్సు అను మూటివలన అది పుట్టునని విభజించిరి. పిత్తమువలన పుట్టు గళగండమును అచట చెప్పలేదు. ఒళ్ళు కాగి, శరీరము చిక్కి, గుండె దడదడలాడు నా గళగండమునకు ఆ మూడు గదులలో ఏ గదియును సరిపడలేదు. ఇది వేరొక కథ యని నాకప్పుడే తోచినది.

ఆ కథ 1811లో మొదలైనది. ఫ్రాన్సు దేశమున కుర్త్వా యనువాడు తుపాకిమందునకు వలయు సురేకారము కొరకు సముద్రపు నాచు బూడిదతో పని చేయుచుండగా, ఊదారంగు ఆవిరి యొకటి లేచెను. అదియే అయోడిన్. 1820లో జెనీవా నగరమున క్వాండే యను వైద్యుడు దానిని గళగండ రోగులకిచ్చి చూచెను. పలువురి మెడవాపు తగ్గెను. నగరమంతట ఆ మందునకు గిరాకి పెరిగెను. కాని కొందరు రోగులు చిక్కిపోయిరి. వారికి గుండెదడ, వణుకు, నిద్రలేమి కలిగెను. క్వాండే ఆ లక్షణములను గమనించి వ్రాసి, జాగ్రత్త చెప్పెను. రెండు వందల యేండ్ల క్రిందట ఆయన చెప్పిన యా జాగ్రత్తను నేను చదివియున్నచో నాచు బిళ్ళలు కొనియుండను.

అయోడిన్ ఇట్లేల చేయును? 1895లో జర్మనీలో బౌమాన్ అను పండితుడు ఆ గ్రంథియందు అయోడిన్ కలదని కనుగొనెను. 1914లో అమెరికాలో కెండాల్ అనునాతడు ఆ గ్రంథి తయారుచేయు స్రావమును శుద్ధరూపమున వేరుపరచెను. దానికే థైరాక్సిన్ అని పేరు. దేహమునందలి ప్రతి కణమును ఎంత వేగముగ పని చేయవలెనో నిర్ణయించునది ఈ స్రావమే. అయోడిన్ లేనిదే థైరాక్సిన్ పుట్టదు. అయోడిన్ చాలనిచో గ్రంథి దొరికిన కొంచెమును పట్టుకొనుటకై పెరుగును. అది సాధారణ గళగండము. స్రావము మితిమీరినచో పొయ్యిలో కట్టెలు ఎక్కువ పెట్టినట్లు దేహమంతయు ఉడికిపోవును. అది నాకు వచ్చిన వ్యాధి. రెంటికిని వాపే గుర్తు, కాని వైద్యములు పరస్పర విరుద్ధములు.

ఇక కూనూరు సంస్థను స్థాపించిన వైద్యుని మాట. ఆయన పేరు రాబర్ట్ మెకారిసన్. ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో ఆయన కాశ్మీరమునకు ఉత్తరముననున్న గిల్గిట్ లోయలో వైద్యుడుగ నుండెను. అచట ఒకే కాలువ నీటిని త్రాగు గ్రామములు ఎనిమిది, ఒకదాని దిగువ నొకటి యుండెడివి. పై గ్రామమున నూటికి సుమారు 12 మందికి గళగండముండగా, దిగువకు పోయినకొలది హెచ్చి, చివరి గ్రామమున నూటికి సుమారు 45 మందికి కానవచ్చెను. వేరొక ఊటనీరు త్రాగు గ్రామమున ఆ వ్యాధి కానరాలేదు. నీటియందలి మాలిన్యమే కారణమై యుండునని తలచి, ఆయన ఆ నీటి మడ్డిని తాను త్రాగి, ఒప్పుకొన్న మరికొందరిచేత త్రాగించి పరీక్షించెను. కారణమును గూర్చిన ఆయన నిర్ణయము పూర్తిగ నిలువలేదు. అయోడిన్ లోపమే ప్రధానమని పిమ్మట తేలినది. కాని ఇంటింటికి పోయి మెడలు తడవి లెక్కవ్రాసి, అనుమానమును తన దేహముమీదనే పరీక్షించిన ఆ పద్ధతి నిలిచినది.

ఆ కూనూరు ప్రయోగశాలలోనే 1947 మొదలుకొని కొన్నియేండ్లు పని చేసిన తెలుగువాడొకడు ఈ కథను ముందునకు నడిపెను. ఆయన శ్రీకాకుళమున 1921లో పుట్టి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామిగారు. ఆయనయు ఆయన సహచరులును 1956లో హిమాలయ సానువులందలి కాంగ్రా లోయను మూడు మండలములుగ విభజించిరి. లక్షకు చేరువగనున్న ఆ జనులలో రెండు మండలములవారికి అయోడిన్ కలిపిన ఉప్పును, మూడవ మండలమువారికి మామూలు ఉప్పును పంచిరి. అయిదారేండ్లకు మొదటి రెండింట గళగండము బాగుగ తగ్గెను; మూడవదానియందు తగ్గలేదు. అప్పుడు ఆ మండలమునకును అయోడిన్ ఉప్పు నిచ్చిరి, అచటను తగ్గెను. ఈ పనిని ఆధారము చేసికొని ప్రభుత్వము 1962లో గళగండ నివారణ కార్యక్రమమును ఆరంభించెను. ఆహారమున వాడు ఉప్పునకంతకును అయోడిన్ కలుపవలెనని 1984లో నిర్ణయించిరి. అయోడిన్ లేని ఉప్పును తినుటకై అమ్మరాదను నిషేధము 1998లో వచ్చి, 2000లో తొలగి, 2006లో మరల అమలునకు వచ్చెను. తార్నాక సంస్థయందు అయోడిన్‌తో పాటు ఇనుమును కూడ చేర్చిన ఉప్పును రూపొందించిరి.

ఇచట మీకొక మాట స్పష్టముగ చెప్పవలెను. నా కథ విని మీ యింట అయోడిన్ ఉప్పును మానివేసి మరల దొడ్డుప్పునకు మరలకుడు. పెద్దవానికి దినమునకు వలయు అయోడిన్ 150 మైక్రోగ్రాములు, అనగా గ్రామును పది లక్షల పాళ్ళు చేసి అందు నూటయేబది పాళ్ళు. జీవితకాలమంతటికిని కలిపినను ఒక చిన్న చెంచాడు. చట్టము ప్రకారము ఉప్పు మన యింటికి చేరునప్పటికి అందు పది లక్షల పాళ్ళకు 15 పాళ్ళ అయోడిన్ ఉండవలెను. పది గ్రాముల ఉప్పు తిన్నచో సరిగ ఆ 150 మైక్రోగ్రాములు వచ్చును. గర్భమందలి శిశువు మెదడు పెరుగుటకు ఇది యత్యవసరము. నేను మ్రింగిన నాచు బిళ్ళల సంగతి వేరు. వానిలో అయోడిన్ దీనికి ఎన్నియో రెట్లుండవచ్చును. ఒక బిళ్ళకును వేరొక బిళ్ళకును పొంతన యుండదు.

అయినను చరిత్ర నిష్పక్షపాతముగ చెప్పవలెను గదా. 1966లో ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా ద్వీపమున రొట్టెపిండియందు అయోడిన్ కలిపిరి. పిల్లల గళగండము తగ్గెను. కాని కొన్నియేండ్లపాటు నలువది దాటినవారిలో, ముఖ్యముగ మెడలో పాత బొడిపెలున్నవారిలో, అతిస్రావ వ్యాధి పెరిగెను. ఏండ్ల తరబడి అయోడిన్ లేక పస్తున్న బొడిపెలు ఒక్కమారుగ దొరికిన ఆహారముతో విజృంభించెను. పిదప ఆ యుద్ధృతి తగ్గిపోయెను. ఊరికంతకు అమృతమైనది ఊరిలో కొందరు వృద్ధులకు విషమగుట కలదు. దానికి విరుగుడు అమృతమును పారబోయుట గాదు. ఆ కొందరిని గుర్తించి వైద్యము చేయించుట.

ఇక మందు కథ. అతిస్రావ వ్యాధిని వర్ణించిన వారిలో ముఖ్యులు ఇంగ్లండున పారీ, డబ్లినున గ్రేవ్స్, జర్మనీలో బాసెడో. వారి రచనలు క్రమముగ 1825, 1835, 1840 సంవత్సరములందు వెలువడినవి. కనుగ్రుడ్లు ముందునకు వచ్చి, గ్రంథి మొత్తముగ నుబ్బునది గ్రేవ్స్ పేరిట ప్రసిద్ధమైనది. 1913లో అమెరికాలో ప్లమ్మర్ అను వైద్యుడు, బొడిపెలు గల పాత గళగండము అతిస్రావమునకు దిగుట వేరొక జాతి వ్యాధియని వేరుపరచెను. నాది ఈ రెండవ జాతి. పెద్దవయసువారికి వచ్చునది ప్రాయికముగ నిదియే.

అప్పట్లో మార్గము శస్త్రచికిత్స యొక్కటే. స్విట్జర్లాండున కోఖర్ అను శస్త్రవైద్యుడు ఈ గ్రంథిని కోయుటలో నేర్పు సాధించి 1909లో నోబెల్ బహుమానమొందెను. కాని స్రావము మితిమీరియున్న రోగిని కోయుట ప్రమాదకరము. కోతకు పిమ్మట జ్వరముతోను గుండెదడతోను రోగులు మరణించెడివారు. 1923లో ప్లమ్మరే, కోతకు ముందు కొలదిదినములు అయోడినును హెచ్చు మోతాదులో ఇచ్చినచో గ్రంథి తాత్కాలికముగ శాంతించునని చూపి, పలువురి ప్రాణములు నిలిపెను. చూచితిరా! అదే అయోడిన్, ఒక కొలతను ఆహారము, ఒక చోట అగ్నికి ఆజ్యము, ఒక వైద్యుని కనుసన్నలలో కొలదిదినములు జలము. వస్తువు ఒక్కటే, పాత్రమును, కొలతయు, కాలమును వేరు.

గ్రంథిని మాత్రలతో అదుపుచేయు మందు మాత్రము, ఎవరును దానిని వెదకుచుండనప్పుడు దొరికినది. 1928లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున వేరొక పరిశోధనకై పెంచుచున్న కుందేళ్ళకు క్యాబేజీ మేత పెట్టగా వానికి గళగండము పుట్టెను. అదే నగరమున 1940ల ఆరంభమున రిక్టర్ అను పండితుడు ఎలుకల రుచిజ్ఞానమును పరీక్షించుటకై, కొందరికి చేదుగను కొందరికి చప్పగను తోచు ఒక గంధకసంబంధమైన పదార్థమును వానికి పెట్టగా, వాని గ్రంథులు ఉబ్బెను. ఆ నగరముననే మెకెంజీ దంపతులు ప్రేగులలోని సూక్ష్మజీవులను చంపు సల్ఫా మందును ఎలుకలకు పెట్టగా, అచటను గ్రంథులు ఉబ్బెను. న్యూజీలాండున ఆవజాతి గింజలు తిన్న ఎలుకలకును అట్లే యయ్యెను. ఉబ్బిన యా గ్రంథులు స్రావమును మాత్రము పుట్టించుట లేదని తేలెను.

బోస్టను నగరమున ఆస్ట్‌వుడ్ అను వైద్యుడు ఇందలి సారమును గ్రహించెను. స్రావము పుట్టకుండ జేయు పదార్థము ఎలుకకు చేటైనచో, స్రావము మితిమీరిన మనుజునకు అది మేలు గావలయును గదా! ఆయన నూటికి పైబడిన పదార్థములను ఎలుకలపై పరీక్షించి, థయోయూరియా, థయోయురాసిల్ అను రెంటిని ఎన్నుకొని, 1943లో తన తొలి ముగ్గురు రోగుల వృత్తాంతమును ప్రకటించెను. కత్తి లేకుండ ఈ వ్యాధి లొంగుట అప్పుడు మొదలయ్యెను. తొలి మందుల వలన నెత్తుటిలోని తెల్లకణములు పడిపోవు ప్రమాదము హెచ్చుగ నుండుటచే, అంతకన్న మంచివానిని వెదకిరి. ప్రొపైల్ థయోయురాసిల్, 1949లో మెథిమజోల్, 1950ల ఆరంభమున లండనులో కార్బిమజోల్ వచ్చినవి. కార్బిమజోల్ దేహమున ప్రవేశించి మెథిమజోల్‌గనే మారును. నేటికిని మన వైద్యులు వ్రాయునవి ముఖ్యముగ ఇవియే.

ఇవి పని చేయు విధమును మా వైద్యురాలు నాకు మన భాషలో చెప్పినది. “మాస్టారుగారూ, ఈ మాత్ర గాదెలోనికి క్రొత్త ధాన్యము రాకుండ ఆపును. ఇదివరకే గాదెలో నున్నదానిని ఇది తీసివేయదు. ఆ పాత నిలువ ఖర్చగుటకు వారములు పట్టును. కనుక రెండు దినములలో గుణము కనబడలేదని మానవలదు” అనెను. అట్లే మూడు నాలుగు వారములు నాకు పెద్ద మార్పు తెలియలేదు. ఆరవ వారమునకు చేతి వణుకు తగ్గెను. ఆలోపల గుండెదడ నణచుటకు ప్రొప్రనలాల్ అను వేరొక మందు నిచ్చిరి. 1960లలో దానిని రూపొందించిన జేమ్స్ బ్లాక్ 1988లో నోబెల్ బహుమానమొందెను. ఉబ్బసము గలవారికి అది తగదు. కావున ఉబ్బసమున్నచో వైద్యునితో ముందుగ చెప్పవలెను. గుండె తాళము తప్పినందున నెత్తురు గడ్డకట్టకుండు మందును కూడ ఇచ్చిరి. తాళము తప్పిన గుండెలో గడ్డ ఏర్పడి మెదడునకు చేరినచో పక్షవాతము వచ్చునట.

ఈ మాత్రలకు ఒక నియమము కలదు. దీనిని మీరు మరువకుడు. వేయిమందిలో ఇద్దరు మొదలు అయిదుగురికి, ప్రాయికముగ మొదటి మూడు మాసములలో, తెల్లకణములు హఠాత్తుగ పడిపోవును. దాని గుర్తులు జ్వరము, గొంతునొప్పి, నోటిపూత. ఇవి కనబడినప్పుడు మాత్ర మ్రింగుట నిలిపి, ఆ దినముననే నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. రెండవ మాసమున ఒక రాత్రి నాకు గొంతునొప్పియు జ్వరమును వచ్చినవి. పిల్లలను నిద్రలేపుట యెందుకని క్షణకాలము సంకోచించితిని. పిమ్మట వైద్యురాలు వ్రాసియిచ్చిన కాగితము జ్ఞాపకము వచ్చి కుమారుని లేపితిని. పరీక్షలో కణములు సరిగనే యున్నవి. అది మామూలు పడిశపు జ్వరము. వృథాగ వచ్చితినని నేను నొచ్చుకొనగా, “వృథాగ వచ్చిన నూర్గురివలన మాకు నష్టము లేదు; రాకపోయిన ఒక్కరివలననే మా భయము” అని ఆమె యనెను. కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురురంగున నుండుట కాలేయమునకు చేటు జరిగిన గుర్తులు. వానికిని ఇదే నియమము. ప్రొపైల్ థయోయురాసిల్ వలన కాలేయమునకు తీవ్రమైన హాని కలుగవచ్చునని 2010లో అమెరికా ప్రభుత్వము గట్టి హెచ్చరిక చేసెను. ఇక గర్భవతులకు తొలి మాసములలో ఏ మాత్ర తగునో వైద్యుడే చెప్పవలెను. కోడండ్రు, కూతుండ్రు ఈ మాత్రలు వాడుచున్నచో ముందుగనే యడుగుడు.

ఎనిమిది మాసములకు నా నెత్తురు పరీక్షలు చక్కబడినవి. ఒళ్ళు మునుపటి తూకమునకు వచ్చినది, గుండె తాళము కుదిరినది. “ఇక మాత్రలు మానవచ్చునా?” అని యడిగితిని. గ్రేవ్స్ వ్యాధియైనచో ఏడాది, ఏడాదిన్నర వాడి మానివేసి చూచుట కలదు; సుమారు సగము మందికి మరల రాదు. బొడిపెల వ్యాధి అట్టిది కాదు. గ్రంథిని నడుపు అధికారము మెదడు క్రిందనున్న పీయూష గ్రంథిది. స్రావము చాలినప్పుడు అది తన యాజ్ఞను తగ్గించును. ముదిరిన బొడిపెలు ఆ యాజ్ఞను వినవు. తలుపు విరిగిన తూము వంటివి. పైనుండి ఎవరు వలదన్నను నీరు పారుచునే యుండును. 1993లో బ్రసెల్స్ పండితులు, ఇట్టి బొడిపెలలో ఆజ్ఞను స్వీకరించు ద్వారమే జన్యువునందలి మార్పుచే తెరచుకొని నిలిచిపోవునని కనుగొనిరి. మాత్ర ఆ తూమునకు అడ్డముగ పెట్టిన పలక. పలక తీసిన మరల ప్రవాహమే. తలుపును బాగుచేయు శక్తి మాత్రకు లేదు.

కావున శాశ్వతమైన మార్గములు రెండు. ఒకటి శస్త్రచికిత్స, బొడిపెలు పెద్దవై శ్వాసకు అడ్డమైనప్పుడు ఇది మేలు. రెండవది కిరణములు వెలువరించు అయోడిన్. 1941లో బోస్టను నగరమున హెర్ట్జ్, రాబర్ట్స్ అనువారు దీనిని రోగులకిచ్చుట ఆరంభించిరి. ఆకలిగొన్న బొడిపెలు ఆ యయోడినును తామే లాగుకొని, దాని కిరణములచే తామే క్షీణించును. నేడు వాడు రకము ఎనిమిది దినములకొకమారు తన బలములో సగము కోల్పోవును. పిదప గ్రంథి మందగించినచో దినమున కొక థైరాక్సిన్ మాత్ర జీవితాంతము వేసికొనవలసి రావచ్చును. ఈ రెండును పడని వృద్ధులకు కొద్దిమోతాదు మాత్రలనే దీర్ఘకాలము కొనసాగించు మూడవ దారి కలదు. ఆ విధముగ అయిదేండ్లకు మించి నిలకడగ నుంచవచ్చునని 2019లో టెహరాను వైద్యులు తెలిపిరి. అట్టివారు పరీక్షలు మానరాదు.

నా యింట ఈ నిర్ణయము సులభముగ జరుగలేదు. కిరణములను మాట వినగానే నా భార్య భయపడినది. మందు పుచ్చుకొన్న పిమ్మట కొన్నిదినములు చిన్నపిల్లలకు ఎడముగ నుండవలెనని చెప్పిరి. మా మనుమరాలికి మూడేండ్లు, నా ప్రక్కలోనే పరుండును. మాత్రలతోనే కాలము గడుపుదమని నాకును మొదట తోచినది. కాని గుండె ఒకమారు తాళము తప్పినవాడను. ఏ పండుగనాడో, ఏ ప్రయాణమందో మాత్ర మరచినచో మరల ఆ మెట్లముందర కూలబడుదునేమో. అంతయు విచారించి, వచ్చు మాసమున కిరణముల అయోడినునే పుచ్చుకొనుటకు నిశ్చయించితిమి. మనుమరాలు ఆ దినములు తల్లితో మేనమామ యింట నుండును. ఆ మందునకు ముందు కొన్నిదినములు మాత్రలు నిలుపవలసి యుండును. ఈమారు ఎప్పుడు నిలుపవలెనో, ఎప్పుడు మొదలుపెట్టవలెనో నిర్ణయించునది వైద్యురాలు, నేను గాదు.

పెద్దలారా, మీ గ్రామమున మెడవాపు గల వృద్ధులుందురు. వారిలో నెవరైనను బాగుగ తినుచు చిక్కిపోవుచున్నచో, చలికాలమున చెమటలు పట్టుచున్నచో, చేతులు వణకుచున్నచో, గుండె తాళము తప్పుచున్నచో, దానిని వృద్ధాప్యమని త్రోసివేయకుడు. గాలి సోకినదని తాయెత్తు కట్టకుడు. పట్టణమునకు పంపి నెత్తురు పరీక్ష చేయింపుడు. ముసలివారిలో కొందరికి వణుకును చెమటయు లేకయే గుండెదడ, నీరసము మాత్రమే కనబడునని కూడ జ్ఞాపకముంచుకొనుడు. పరీక్షకు ముందు ఏ నాచు బిళ్ళయును, ఏ గళగండపు చూర్ణమును ఇయ్యకుడు.

నేను నేటికిని వేకువను తార్నాక మీదుగా నడచుచునే యున్నాను. నడక కొంచెము నెమ్మదించినది. ఆ సంస్థ ప్రాంతమునకు వచ్చినప్పుడు, గిల్గిట్ కాలువ మడ్డినీటిని త్రాగిన ఆ వైద్యుడును, కాంగ్రా పల్లెలలో ఉప్పు పంచిన మన శ్రీకాకుళపు బిడ్డయు జ్ఞప్తికి వత్తురు. వారు తెలిసికొనుటకు ఏండ్లు వెచ్చించిరి. నేను ఒక పుటలో సగము చదివి తెలిసినదనుకొంటిని. ఆ సగపు చదువు మీకు గండము గాకుండుగాక.

సెలవు.